డెస్మోస్ గ్రాఫింగ్ కాలిక్యులేటర్: ఆంప్లిట్యూడ్, ఫ్రీక్వెన్సీ అర్థం కావడానికి ఎంతవరకు పనికొస్తుంది?

ఆంప్లిట్యూడ్ (అల నడిమి గీత నుంచి ఎంత ఎత్తు లేస్తుందో), ఫ్రీక్వెన్సీ (ఒక యూనిట్ పొడవులో ఎన్ని అలలు పడతాయో) నిర్వచనాలు పుస్తకంలో నాలుగు లైన్లు దాటవు. కానీ ఒకదాన్ని మారిస్తే రెండోది కదలదన్న సంగతి కాగితం మీద ఎన్ని బొమ్మలు గీసినా చాలామందికి మనసుకెక్కదు. డెస్మోస్ బలం అక్కడే ఉంది. ఉచితం, బ్రౌజర్‌లోనూ ఫోన్‌లోనూ నడుస్తుంది, వాడటానికి లాగిన్ అక్కర్లేదు.

మొదటి లైన్లో వై = ఎ సైన్ (బి ఎక్స్) అని కొడితే ఎ, బి లకు స్లైడర్లు (విలువ మార్చడానికి వేలితో జరిపే మీటలు) పెట్టుకోమంటుంది. పెట్టగానే రెండూ 1 దగ్గర ఉంటాయి, హద్దులు −10 నుంచి 10 దాకా. ఈ హద్దులు అలాగే వదిలేయొద్దు. వేలు కాస్త జారినా బి ఒక్కసారిగా 1 నుంచి 3కి పోతుంది, మధ్యలో ఏం జరిగిందో కంటికి ఆనదు. ఎ ని −3 నుంచి 3, బి ని 0 నుంచి 4 మధ్య ఉంచి, రెండింటికీ స్టెప్ 0.5 ఇస్తే చాలు.

తర్వాత సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఎక్స్ అక్షం స్టెప్‌ను, అంటే గీతల మధ్య దూరాన్ని, π/2 చేయాలి. ఇది చేయకపోతే సగం లాభం పోయినట్టే. మామూలు గళ్లలో సైన్ అల 6కీ 7కీ మధ్య ఎక్కడో, 6.28 దగ్గర ముగుస్తుంది. చూసేవాళ్లు 'సుమారు ఆరు' అనుకుని వదిలేస్తారు. π/2 గళ్లు వేశాక బి = 2 అయితే అల సరిగ్గా π గీత మీద, బి = 0.5 అయితే 4π గీత మీద పూర్తవుతుంది. ఆవర్తనం (ఒక పూర్తి అల పొడవు) 2π/బి అన్న సూత్రం అప్పుడు బట్టీ పట్టాల్సిన పని లేదు.

అదే సెట్టింగ్స్‌లో డిగ్రీలు ఎంచుకుని ఉంటే తెర మీద అలే కనిపించదు, అక్షానికి ఆనుకుని దాదాపు అడ్డగీత ఉంటుంది. లోపం యాప్‌ది కాదు. 10 డిగ్రీల సైన్ విలువ 0.17 మాత్రమే, −10 నుంచి 10 దాకా ఉన్న కిటికీలో అంతకంటే పైకి లేవదు. రేడియన్లకు (పూర్తి చుట్టును 360కి బదులు 2πగా లెక్కించే కోణమానానికి) మారండి, లేదా ఎక్స్ అక్షాన్ని −360 నుంచి 360 దాకా చాపండి.

అన్నిటికంటే ఎక్కువ తప్పులు బి విషయంలోనే. బి ఫ్రీక్వెన్సీ కాదు, 2π పొడవులో ఎన్ని అలలు పడతాయో చెప్పే సంఖ్య. ఫ్రీక్వెన్సీ బి/2π. భౌతికశాస్త్రం కోసం చూసేవాళ్లు వై = ఎ సైన్ (2π ఎఫ్ ఎక్స్) అని రాసుకుని, ఎఫ్‌కు స్లైడర్ పెట్టుకోవడం మేలు. ఎఫ్ = 3 పెట్టి 0 నుంచి 1 దాకా లెక్కపెడితే సరిగ్గా మూడు అలలు.

ఆంప్లిట్యూడ్‌లో తికమక వేరు. వై = 3 సైన్ ఎక్స్ + 2 గీసి వక్రాన్ని తాకితే శిఖరం, లోయ దగ్గర బూడిదరంగు చుక్కలు వస్తాయి. శిఖరం 5, లోయ −1. ఆంప్లిట్యూడ్ 5 అనేస్తారు. వాటి తేడాలో సగం, అంటే 3, అసలు జవాబు. ఎ = −3 అయినా ఆంప్లిట్యూడ్ 3 ఏ, అల తలకిందులవుతుందంతే. టాన్ వక్రానికి మాత్రం శిఖరం, లోయ ఉండవు కనుక ఆంప్లిట్యూడ్ అన్నదే లేదు.

ఒక ఇబ్బంది: రెండు వేళ్లతో జూమ్ చేసినా అల సాగినట్టే కనిపిస్తుంది. మారింది ప్రమేయమా, కొలబద్దా అన్నది కొత్తవాళ్లకు తెలియదు. సెట్టింగ్స్‌లో కిటికీ కదలకుండా లాక్ చేసే వీలుంది. స్లైడర్లు జరిపే ముందే అది వేయండి.

కొలిచిన అంకెలను పట్టికలో పెట్టి సైన్ వక్రాన్ని సరిపోల్చమని అడగడం దీనిలో గొప్ప సౌకర్యం, జాగ్రత్త అవసరమైనదీ అదే. ఎక్స్ విలువలు 1, 2, 3 అని పూర్ణాంకాలే అయితే, బి ఉన్నచోట బి + 2π పెట్టినా వక్రం ఆ చుక్కలన్నిటి గుండా అలాగే పోతుంది. అందుకే చుక్కలకు చక్కగా అతికి, మధ్యలో పిచ్చిగా ఊగే అల ఒక్కోసారి జవాబుగా వస్తుంది. రోజువారీ పగటి నిడివి లాంటి లెక్కకు ఆవర్తనం సుమారు 365 రోజులని మనకు ముందే తెలుసు కనుక, బి 0.01కీ 0.03కీ మధ్యే ఉండాలని షరతు జోడిస్తే 2π/365కు, అంటే 0.0172కు దగ్గరగా వచ్చి ఆగుతుంది.

చెవితో పోల్చుకోవాలంటే టోన్ అనే ఆదేశం ఉంది. ఫ్రీక్వెన్సీని హెర్ట్జ్‌లలో (సెకనుకు ఎన్ని అలలో), తీవ్రతను 0 నుంచి 1 మధ్య ఇస్తే స్వరం మోగుతుంది. 220ని 440 చేస్తే అదే స్వరం పై స్థాయిలో వినిపిస్తుంది, రెండో సంఖ్య తగ్గిస్తే శ్రుతి మారకుండా తక్కువ శబ్దంతో మోగుతుంది. ఆ 440 అలను గీసి చూడాలంటే మాత్రం ఎక్స్ అక్షాన్ని 0 నుంచి 0.01కు కుదించాలి. అందులో నాలుగు పూర్తి అలలు, ఐదో అలలో కొంత కనిపిస్తాయి. మామూలు కిటికీలో అయితే గీతలన్నీ కలిసిపోయి రంగు పట్టీలా ఉంటుంది.