నలభై ఏళ్ల పడవకి కొత్త ప్యానెల్

మా సెయిల్‌బోట్ 1984 నాటి కెటలీనా 30. అమెరికాలో, పడవలు కట్టేసే బర్కిలీ మెరీనాలో ఉంటుంది. పాత కరెంటు ప్యానెల్ ఊడదీస్తే వెనకంతా కాకి గూడు. ఎవరో కారు వైరు వాడేశారు. తొక్క ఒలిస్తే రాగి నల్లబడి పొడిగా రాలింది. ఉప్పుగాలిలో తగరం పూత లేని రాగి గతి అంతే.

ఎనిమిది బ్రేకర్ల 12 వోల్టుల ప్యానెల్ తెచ్చాను. స్విచ్‌లు టక్‌మని పడుతున్నాయి, ఎక్కడా వదులు లేదు. పాజిటివ్ వైర్లన్నీ కలిసే లోహపు పట్టీ (బస్‌బార్) ముందే బిగించి ఉండడంతో సగం చాకిరీ తప్పింది. పాత కన్నం మాత్రం అర అంగుళం చాల్లేదు. కొలవకుండా కొన్నది నేనే. టేకు చెక్క కోస్తుంటే ప్రాణం ఉసూరుమంది.

నెగటివ్‌కి పసుపు వైరు వాడాను. ఇక్కడ ఒడ్డు నుంచి వచ్చే 120 వోల్టుల లైన్లో కరెంటుండేది నల్ల వైరులోనే. రెండూ నలుపైతే ఏదో రోజు పొరపడి ముట్టుకుంటాం. తెరచాప స్తంభం మీది దీపానికి దూరమెక్కువ కాబట్టి లావు వైరు లాగాను, వోల్టేజి 3 శాతానికి మించి పడకూడదని. నీళ్లు తోడే బిల్జ్ పంపును ప్యానెల్‌కి ఇవ్వలేదు, ఫ్యూజు పెట్టి నేరుగా బ్యాటరీకి కలిపాను. మెయిన్ ఆపి ఇంటికెళ్లినా అది తిరగాలి కదా!

నాలుగు వారాంతాలు పట్టింది. "గరాజ్ లైటు వెలగక రెండు నెలలైంది, గుర్తుందా?" అంది మా ఆవిడ.

ప్యానెల్‌కి ఐదుకి నాలుగున్నర ఇస్తాను. అర మార్కు లేబుళ్లకి కోశాను, కళ్లజోడు లేకుండా ఒక్కటీ కనబడదు.