అమెరికా కాలేజీ ఫ్రాటర్నిటీ: చేరి, ఉండి, నడిపి చూశాక నా సమీక్ష

ఏటా జూలై, ఆగస్టు వచ్చేసరికి తెలిసినవాళ్ల నుంచి నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. "మావాడు అండర్‌గ్రాడ్‌కి వెళ్తున్నాడు బాబూ, ఫ్రాటర్నిటీలో చేరతానంటున్నాడు, చేరనివ్వచ్చా?" అని. ఫ్రాటర్నిటీ అంటే గ్రీకు అక్షరాల పేరుతో నడిచే కాలేజీ అబ్బాయిల సంఘం, చాలాచోట్ల సభ్యులు ఒకే ఇంట్లో ఉంటారు. సినిమాల్లో చూసిన తాగుడు పార్టీలే వాళ్ల కళ్లముందు ఉంటాయి. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. అందుకే ఫోన్లో ఐదు నిమిషాల్లో చెప్పలేనిదంతా ఇక్కడ రాస్తున్నాను.

ఇంటర్ అయ్యాక విజయవాడ నుంచి నేరుగా అమెరికా వెళ్లి, ఒక పెద్ద స్టేట్ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ చదివాను. మొదటి ఏడాదే ఒక పాత ఫ్రాటర్నిటీలో చేరాను. వాళ్ల ఇంట్లోనే ఉన్నాను, ట్రెజరర్‌గా లెక్కలు చూశాను, కొత్తవాళ్లను ఎంచుకునే ఓటింగ్‌లో కూర్చున్నాను. ఉద్యోగంలో చేరాక కూడా అలమ్నైగా, అంటే పాత సభ్యుడిగా, వాళ్లతో టచ్‌లోనే ఉన్నాను. నాకది చాలా మేలు చేసింది. ఆ మేలు తలుపు మీదున్న గ్రీకు అక్షరాల వల్ల రాలేదు, ఆ ఇంట్లో అప్పుడున్న మనుషుల వల్ల వచ్చింది. అవే అక్షరాలున్న చాప్టర్, అంటే ఆ సంఘం శాఖ, ఇంకో యూనివర్సిటీలో పూర్తిగా వేరేలా ఉండొచ్చు. ఇక్కడ రాసే ప్రతి మాటకీ ఇదే ఆధారం.

కొత్తవాళ్ల కోసం కొంచెం నేపథ్యం. గ్రీకు అక్షరాల పేరుతో వచ్చిన మొదటి సంఘం ఫై బీటా కాపా, 1776లో విలియం అండ్ మేరీ కాలేజీలో పుట్టింది. ఇవాళ అది చదువులో ముందున్నవాళ్లకు దక్కే గౌరవ సంఘం. మనం ఇప్పుడు చూసే సోషల్ ఫ్రాటర్నిటీల వరస 1825లో న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కాలేజీలో కాపా ఆల్ఫా సొసైటీతో మొదలైంది. నల్లజాతి విద్యార్థులకు ఆ తలుపులు మూసి ఉన్న రోజుల్లో, 1906లో కార్నెల్ యూనివర్సిటీలో వాళ్లు ఆల్ఫా ఫై ఆల్ఫాను సొంతంగా పెట్టుకున్నారు. మార్టిన్ లూథర్ కింగ్ అందులో సభ్యుడు. మన దక్షిణాసియా పిల్లల సంఘాలు 1990ల్లో వచ్చాయి. 1998లో టెక్సస్ యూనివర్సిటీ ఆస్టిన్ క్యాంపస్‌లో డెల్టా ఎప్సిలాన్ సై, 1999లో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీలో బీటా కై థీటా, ఆడపిల్లల కోసం 1998లో హ్యూస్టన్ యూనివర్సిటీలో డెల్టా ఫై ఒమేగా మొదలయ్యాయి.

ఎంఎస్‌కి వెళ్లేవాళ్లకు ఒక మాట. సోషల్ ఫ్రాటర్నిటీలు దాదాపు అన్నీ అండర్‌గ్రాడ్‌లవే. మీకు టౌ బీటా పై లాంటి పేరుతో ఆహ్వానం వస్తే, అది మార్కుల ఆధారంగా ఇంజినీరింగ్ విద్యార్థులను పిలిచే గౌరవ సంఘం. అందులో ఇల్లు, పార్టీలు, రష్ (కొత్త సభ్యులను ఎంచుకునే తంతు) ఏమీ ఉండవు. రెజ్యూమేలో పెట్టుకోవచ్చు, అంతే.

ఇక నాకు జరిగిన మేలు. అండర్‌గ్రాడ్‌గా వెళ్లిన తెలుగు కుర్రాడి పరిస్థితి బయటివాళ్లకు తెలియదు. క్యాంపస్‌లో మనవాళ్లు వందల్లో ఉంటారు, కానీ చాలామంది ఎంఎస్ వాళ్లే. వాళ్లు మనకంటే నాలుగైదేళ్లు పెద్ద, క్యాంపస్ బయట అపార్ట్‌మెంట్లలో ఉంటారు, వాళ్ల టెన్షన్ అంతా ఉద్యోగం, వీసా గురించే. వాళ్లు ఆప్యాయంగానే చూస్తారు, కానీ పద్దెనిమిదేళ్ల వాడికి తోడు దొరకదు. తరగతి గదిలో రెండొందల మంది మధ్య ఎవరి పేరూ తెలియకుండా సెమిస్టర్ గడిచిపోతుంది. ఫ్రాటర్నిటీలో చేరిన నెలలోనే నాకు నాలుగు బ్యాచ్‌ల వాళ్లు పేరు పేరునా తెలిశారు. ఏ ప్రొఫెసర్ దగ్గర ఏ కోర్సు తీసుకోవాలి, కెరీర్ ఫెయిర్‌లో ఎలా మాట్లాడాలి, చలికాలానికి ఎలాంటి బూట్లు కొనాలి, ఇవన్నీ భోజనాల బల్ల దగ్గరే తెలిసిపోయేవి.

నేను అన్నిటికంటే ఎక్కువగా చెప్పాలనుకునేది అపెండిక్స్ ఆపరేషన్ సంగతి. రాత్రిపూట కడుపునొప్పితో మెలికలు తిరుగుతుంటే నా 'బిగ్', అంటే కొత్త సభ్యుడికి అండగా చాప్టర్ కేటాయించే సీనియర్, ఎమర్జెన్సీకి తీసుకెళ్లాడు. ఇన్సూరెన్స్ కాగితాలు అతనే చూసుకున్నాడు. మా అమ్మకు వాట్సాప్ కాల్ చేసి, ఆమెకు అర్థమయ్యేలా నెమ్మదిగా ఇంగ్లీషులో ధైర్యం చెప్పాడు. ఇంటికి వచ్చేదాకా వంతులవారీగా ఎవరో ఒకరు నా పక్కనే ఉన్నారు. మా అమ్మ ఇప్పటికీ ప్రతి పండక్కీ అతనికి ఫోన్ చేస్తుంది. ఇలాంటి దానికి ధర కట్టలేను.

రెండో మేలు పని నేర్చుకోవడం. చాప్టర్ హౌస్ అంటే ఇరవై ఏళ్ల కుర్రాళ్లు నడిపే చిన్న సంస్థ. ట్రెజరర్‌గా నేను బడ్జెట్ వేసి ఆదివారం మీటింగ్‌లో పెడితే, ఒకరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి, ఆ తర్వాత ఓటు. ఇన్సూరెన్స్ ప్రీమియం, వంటమనిషి జీతం, పైకప్పు మరమ్మతు, జాతీయ కార్యాలయానికి కట్టాల్సిన రుసుము, అన్నీ మా నెత్తి మీదే. పక్క గదిలో పడుకునే స్నేహితుడి దగ్గరికి వెళ్లి బకాయి కట్టమని అడగడం ఎంత కష్టమో అక్కడే తెలిసింది. స్నేహం చెడకుండా డబ్బు మాట ఎలా మాట్లాడాలో కూడా అక్కడే నేర్చుకున్నాను. ఇంటర్వ్యూల్లో నా ప్రాజెక్టుల కంటే ఈ ట్రెజరర్ పని గురించే ఎక్కువ ప్రశ్నలు వచ్చాయి.

అలమ్నై నెట్‌వర్క్ గురించి గొప్పగా చెబుతారు. నా అనుభవంలో అది ఇంటర్వ్యూ దాకా తీసుకెళ్తుంది. మా పాత సభ్యుడొకరు నా రెజ్యూమే సరిచేసి రిఫరల్ ఇచ్చారు, ఆ కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. ఆ పైన మన సత్తా. హెచ్‌1బి స్పాన్సర్‌షిప్ విషయంలో ఏ బ్రదరూ ఏమీ చేయలేడు, అది కంపెనీ నిర్ణయం.

ఇప్పుడు ఇబ్బందులు. మొదటిది డబ్బు. సెమిస్టర్‌కు వందల డాలర్ల డ్యూస్ (సభ్యత్వ రుసుము), చేరిన కొత్తలో అదనపు రుసుములు, ఇంట్లో ఉంటే గది, భోజనాల ఖర్చు వేరు. మా దగ్గర డార్మ్ (యూనివర్సిటీ హాస్టల్) కంటే ఇల్లే చవక పడింది, కానీ అన్నిచోట్లా అలా ఉండదు. రెండోది కాలం. కొత్త సభ్యుడిగా ఉండే మొదటి సెమిస్టర్‌లో మీటింగులు, చరిత్ర పాఠాలు, సేవా కార్యక్రమాలు చదువు సమయాన్ని తినేస్తాయి. కాలిక్యులస్, కెమిస్ట్రీ, ప్రోగ్రామింగ్ ఒకేసారి తీసుకున్నవాడు ఆ సెమిస్టర్ ఆగి, తర్వాతి సెమిస్టర్‌లో చేరడం మంచిది. మూడోది తిండి. నేను బీఫ్ తినను, ముందే చెబితే వంటామె విడిగా చికెన్ వండేది. శాకాహారులకు మాత్రం కష్టమే.

అన్నిటికంటే పెద్దది హేజింగ్. మన దగ్గర ర్యాగింగ్ అనే జబ్బే ఇది, కాకపోతే అక్కడ దానికి సంప్రదాయం అనే ముసుగు వేస్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. అమెరికాలో చాలా రాష్ట్రాలకు వేటి చట్టం వాటికి ఉండేది, కొన్నిటికి అసలు లేదు. 2017 ఫిబ్రవరిలో పెన్ స్టేట్‌లో తిమోతీ పియాజా అనే విద్యార్థి, ఫ్రాటర్నిటీ ఇంట్లో బలవంతపు తాగుడు తర్వాత మెట్ల మీద నుంచి పడిపోయాడు. గంటల తరబడి ఎవరూ ఎమర్జెన్సీ నంబర్ 911కి ఫోన్ చేయలేదు. ఆ కుర్రాడు చనిపోయాడు. ఆ ఘటన తర్వాత పెన్సిల్వేనియా చట్టాన్ని కఠినం చేసింది. 15 శాతం మించి ఆల్కహాల్ ఉన్న మద్యాన్ని సభ్య ఫ్రాటర్నిటీల ఇళ్లలో 2019 సెప్టెంబర్ నుంచి నిషేధిస్తూ నార్త్ అమెరికన్ ఇంటర్‌ఫ్రాటర్నిటీ కాన్ఫరెన్స్ అనే ఫ్రాటర్నిటీల సమాఖ్య నిర్ణయం తీసుకుంది. లైసెన్సు ఉన్న బయటి సంస్థ పోస్తే తప్ప కుదరదు. 2024 డిసెంబర్‌లో స్టాప్ క్యాంపస్ హేజింగ్ యాక్ట్ దేశమంతటికీ వచ్చింది. దాని ప్రకారం, హేజింగ్ చేసినట్టు తేలిన సంఘాల వివరాలను యూనివర్సిటీలు తమ వెబ్‌సైట్లో పెట్టాలి. తల్లిదండ్రులు పిల్లవాడిని అడిగే ముందు ఆ నివేదిక తెరిచి చదవండి.

ఎఫ్‌1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. అక్కడ మద్యం తాగడానికి 21 ఏళ్లు నిండాలి. అమెరికన్ స్నేహితుడికి జరిమానాతో, క్లాసుతో పోయే కేసు మనకు వీసా దగ్గర అడ్డం రావచ్చు. తాగి కారు నడిపి అరెస్టయితే వీసా రద్దు చేసిన సందర్భాలున్నాయి. నేను మొదటి రోజే "నేను తాగను, పార్టీ రోజు డ్రైవింగ్ నాకివ్వండి" అని చెప్పాను. ఎవరూ ఒక్క మాట అనలేదు. అలా చెప్పినప్పుడు మొహం మాడ్చుకునే ఇల్లయితే మనకొద్దు.

ఇక రష్. అబ్బాయిల రష్ సాధారణంగా సెమిస్టర్ మొదట్లో కొన్ని రోజులు సాగుతుంది. ఇళ్ల తలుపులు తెరిచి పెడతారు, బార్బెక్యూ, బాస్కెట్‌బాల్, కబుర్లు. తర్వాత పిలిచినవాళ్లకే ఉండే విందులు, చివర్లో బిడ్, అంటే చేరమని ఆహ్వానం. మొదటి సెమిస్టర్‌లో చేరనివ్వని యూనివర్సిటీలూ ఉన్నాయి. అమ్మాయిల సంఘాలైన సొరోరిటీల పద్ధతి వేరు. రిజిస్ట్రేషన్, వరసగా రౌండ్లు, చివరికి ఇరువైపులా ఇచ్చిన ఎంపికల జాబితాలను సరిపోల్చి ఒక చోటు కేటాయిస్తారు. మా పిన్ని కూతురు ఆ దారిలో వెళ్లింది. రోజంతా నిలబడి నవ్వుతూ మాట్లాడి అలిసిపోయానని చెప్పింది. దక్షిణాసియా సంఘాల్లో చాలావాటికి సొంత ఇల్లుండదు, ఇన్ఫో సెషన్లు, ఇంటర్వ్యూలు ఉంటాయి.

ఓటింగ్ గదిలో కూర్చుని నేను చూసింది చెబుతాను. బట్టలు, కారు, నాన్నగారి ఉద్యోగం గురించి మా దగ్గర చర్చ దాదాపు ఉండేది కాదు. "ఇతనితో నేను అరగంట మాట్లాడాను" అని లేచి చెప్పేవాళ్లు ఒక్కో అభ్యర్థికి ఎంతమంది ఉన్నారన్నదే చూసేవాళ్లం. యాభై మందికి షేక్‌హ్యాండ్ ఇచ్చి వెళ్లినవాడు ఎవరికీ గుర్తుండడు. ఐదారుగురితో కుదురుగా మాట్లాడి, మర్నాడు వాళ్లను పేరుపెట్టి పలకరించినవాడికి బిడ్ వస్తుంది. మన పిల్లలు క్రికెట్, ఊరు, ఇంటి సంగతులు చెప్పడానికి సిగ్గుపడతారు. అమెరికన్ ఫుట్‌బాల్ తెలిసినట్టు నటించక్కర్లేదు. తెలియదు, చెప్పు అంటే ఉత్సాహంగా చెబుతారు, అక్కడే స్నేహం కలుస్తుంది.

మీరు వాళ్లను పరీక్షించడం అంతకంటే ముఖ్యం. రష్ చైర్, అంటే రష్ నడిపే సభ్యుడు, అందంగా మాట్లాడతాడు, అది అతని పని. ఆయన్ని వదిలేసి, కిందటేడు చేరినవాడిని ఒంటరిగా పట్టుకుని "కొత్త సభ్యుడిగా నీ మామూలు వారం ఎలా గడిచేది?" అని అడగండి. సమాధానం తడబడినా, "అది సీక్రెట్" అన్నా, అక్కడి నుంచి వచ్చేయండి. పూజలాంటి తంతు రహస్యమైతే ఫరవాలేదు, నిద్ర, తిండి, సమయం గురించి రహస్యం ఉండకూడదు. నాలుగేళ్ల ఖర్చు కాగితం మీద అడగండి. చాప్టర్ సగటు జీపీఏ అడగండి. రష్ లేని మామూలు మంగళవారం ఆ ఇంటికి భోజనానికి వెళ్లండి, వంటామెతో, ఊడ్చే మనిషితో వాళ్లెలా మాట్లాడుతున్నారో చూడండి. నేను నా ఇంటిని ఎంచుకున్నది అది చూసే.

బిడ్ ఇచ్చిన రాత్రే సంతకం పెట్టమని తొందరపెడితే ఒప్పుకోవద్దు, గడువెప్పటిదాకో అడిగి తెలుసుకోండి. చేరాక నచ్చకపోతే ఇనిషియేషన్, అంటే పూర్తి సభ్యుడిగా చేర్చుకునే తంతు, లోపే బయటికి రండి. ఆ తంతు అయిపోతే మామూలుగా ఇంకే సోషల్ ఫ్రాటర్నిటీ మిమ్మల్ని తీసుకోదు.