విజయనగరంలో పాత వీడియో క్యాసెట్ల మార్పిడి: వీసీఆర్ దగ్గర నూటికి నూరు, కంప్యూటర్ దగ్గర సగం

గంటస్తంభం దగ్గరి సందులో, మెట్లెక్కి వెళ్లాల్సిన ఈ స్టూడియోకి పెళ్లి క్యాసెట్లే అసలు బేరం. టీవీలో వస్తుండగా రికార్డు చేసి దాచుకున్న సినిమాలు, సీరియళ్లు, చిత్రలహరి పాటలు తీసుకెళ్లినా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇస్తారు. మూడు గంటల ఇ-180 క్యాసెట్‌కి 400 రూపాయలు. వారం గడువు అడుగుతారు, చాలామటుకు మాట మీద ఉంటారు.

మెచ్చుకోవాల్సింది క్యాసెట్‌ని పట్టుకునే తీరు. ముందు దాని కిటికీలోంచి లైటు వేసి చూస్తారు. మన సముద్రపు గాలికి, అటక మీది ఉక్కకి రీలు అంచున తెల్లటి బూజు పట్టడం మామూలే. చూసుకోకుండా ఆడిస్తే ఆ పొడి వీసీఆర్‌లో రీలు మీది బొమ్మని చదివే హెడ్లకి అంటుకుని బొమ్మంతా చుక్కలవుతుంది, తర్వాత పెట్టినవాళ్ల క్యాసెట్‌కీ అంటుతుంది. ఇక్కడ బూజు రీళ్లని పక్కన పెట్టి, ఐదు మరలూ విప్పి, వేరే మిషన్ మీద తుడుస్తారు. అందుకు ఇంకో వంద. ఆ వంద గురించి బేరమాడకండి.

బూజు లేని క్యాసెట్‌నైనా నేరుగా ఆడించరు. ఏళ్ల తరబడి కదలని రీలు ఒకచోట బిగుతుగా, ఒకచోట వదులుగా ఉంటుంది కాబట్టి చివరికంటా ఒకసారి తిప్పి, మళ్లీ వెనక్కి చుడతారు. క్యాసెట్‌కీ క్యాసెట్‌కీ మధ్య హెడ్లు తుడుస్తారు, అదీ దూదితో కాదు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన మెత్తటి తోలుపుల్లతో. పుల్లని కదపకుండా ఆనించి హెడ్లు బిగించిన డ్రమ్ముని చేత్తో తిప్పాలి. కిందికీ పైకీ రుద్దితే హెడ్డు విరుగుతుంది. చివరిదాకా వీసీఆర్‌లు చేస్తూ వచ్చిన ఫునాయ్ కంపెనీ 2016 జులైలో ఆపేసింది, విరిగినదానికి బదులు పాత మిషన్ల నుంచి పీక్కోవాల్సిందే. వీళ్ల దగ్గర ఆడించే మిషన్లు రెండున్నాయి. ఒకదాంట్లో ట్రాకింగ్ (హెడ్డు రీలు మీది గీతల వెంట సరిగ్గా నడవడం) కుదరకపోతే రెండోదాంట్లో పెట్టి చూస్తారు. రికార్డు చేసిన వీసీఆర్ సర్దుబాటు తేడాగా ఉంటే ఇదే సులువైన దారి.

అక్కడి నుంచి తీగ కంప్యూటర్‌కి వెళ్లాకే పని చెడుతోంది.

మన టీవీ పద్ధతి పేరు పాల్ (PAL). సెకనుకి 25 బొమ్మలు, ఒక్కో బొమ్మ గీత విడిచి గీతగా రెండు సగాలుగా వస్తుంది, అంటే 50 సగాలు. సినిమా అయితే ఒక ఫ్రేము నుంచే రెండు సగాలూ వస్తాయి, 25 సరిపోతుంది. (24 ఫ్రేముల సినిమాని 25తో నడిపారు కనుకే రెండున్నర గంటల సినిమా టీవీలో 144 నిమిషాలకి అయిపోయేది, యాడ్లు కలపకుండా.) వీడియో కెమెరాతో తీసిన సీరియల్‌కి, స్టూడియో పాటల కార్యక్రమానికి ఈ లెక్క కుదరదు. అక్కడ ప్రతి సగం వేరే క్షణం. దాన్నీ 25కి కుదిస్తే కదలిక తెగుతుంది, ఆ రెండు సగాల్ని అసలు విడదీయకపోతే చెయ్యి ఊపినప్పుడల్లా దువ్వెన పళ్లలా గీతలొస్తాయి. ఈ స్టూడియో అన్నిటికీ ఒకటే సెట్టింగ్ వాడుతోంది. కాబట్టి ఇచ్చేటప్పుడే, "సీరియళ్లు 50 ఫ్రేములకి చెయ్యండి, బొమ్మ 4:3లోనే ఉంచండి, సాగదీయొద్దు" అని కాగితం మీద రాసి క్యాసెట్‌కి అంటించండి. చెప్పకపోతే కొత్త టీవీ నిండాలని అడ్డంగా సాగదీసి ఇస్తారు, హీరోలందరూ లావెక్కిపోతారు.

పెన్‌డ్రైవ్ సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. సెకనుకి 8 మెగాబిట్లతో చేస్తే గంటకి 3.6 జీబీ, మూడు గంటలకి దాదాపు 11. ఫ్యాట్32 (FAT32) పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో ఒక ఫైలు 4 జీబీ దాటలేదు, అందుకే వీళ్లు క్లైమాక్స్ మధ్యలో నరికి మూడు ముక్కలుగా ఇస్తున్నారు. మీ టీవీ చదవగలిగితే ఎక్స్‌ఫ్యాట్ (exFAT) పద్ధతిలో ఫార్మాట్ చేసి తీసుకెళ్లండి.

డబ్బిచ్చే ముందు ఫైలు మొదట్లో, మధ్యలో, చివర్లో పెట్టి పెదవులూ మాటా కలుస్తున్నాయో లేదో చూడండి. పాత రీలు సిగ్నల్ ఊగినప్పుడు కంప్యూటర్ కొన్ని ఫ్రేములు వదిలేస్తుంది, ఆ తేడా పోనుపోనూ పెరుగుతుంది. మొదటి ఐదు నిమిషాలు చూసి సరే అనుకుంటే మోసపోతారు. బొమ్మ అడుగున సన్నగా వణికే పట్టీ కనిపిస్తే మాత్రం వాళ్లతో గొడవ పడకండి. అది ఈ రకం (వీహెచ్ఎస్) క్యాసెట్లన్నిటిలోనూ ఉంటుంది, పాత టీవీల చట్రం దాన్ని కప్పేసేది.

కంపెనీ అమ్మిన కొన్ని సినిమా క్యాసెట్లలో కాపీ అడ్డుకునే ఏర్పాటు ఉంటుంది, ఎక్కిస్తే వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. అలాంటివి వీళ్లు తీసుకోరు, అది సబబే.

వీసీడీలకి (సినిమా సీడీలకి) ఇక్కడ అడిగే యాభై దండగ. వాటిని మళ్లీ మార్చి ఇంకాస్త మసక చేస్తున్నారు. 352×288 బొమ్మలో తగ్గించడానికి ఇంకేముంది? డిస్కులోని డాట్ (.DAT) ఫైలు ఉన్నదున్నట్టు కాపీ చేసి, పేరు చివర ఎంపీజీ (.mpg) అని మారిస్తే చాలా ప్లేయర్లలో ఆడుతుంది. కాపీ మధ్యలో ఆగితే డిస్కుని మధ్య నుంచి అంచుకి తుడిచి ఇంకో డ్రైవ్‌లో పెట్టి చూడండి. మెరిసే వైపు గీతలకి పాలిష్ పనిచేస్తుంది. పేరు అచ్చేసిన వైపు లోతుగా గీరుకుంటే ఏ కొట్టుకి పట్టుకెళ్లినా లాభం లేదు, సమాచారం ఉన్న పొర ఆ రంగు కిందే ఉంటుంది.