వానాకాలంలోనూ ఆకాశం చూడాలంటే: 6 అంగుళాల డాబ్సోనియన్, 21 సెం.మీ. రేడియో కిట్

ఖగోళ పరిశీలన చేతులారా నేర్చుకోవాలనుకునే కాలేజీ క్లబ్బుకు 6 అంగుళాల డాబ్సోనియన్ (నేల మీద తిరిగే పీఠంపై కూర్చునే అద్దం టెలిస్కోప్) నిస్సందేహంగా కొనదగ్గదే. 150 మి.మీ. అద్దం, 1200 మి.మీ. నాభ్యంతరం, 25 మి.మీ. ఐపీస్‌తో (కన్ను పెట్టి చూసే కటకం) 48 రెట్లు, 10 మి.మీ.తో 120 రెట్లు. కానీ వరంగల్‌లో మృగశిర కార్తె మొదలైతే మూడు నెలలు ముసురే. అందుకే పక్కన రేడియో కిట్ కూడా ఉండాలి. అంతరిక్షంలోని హైడ్రోజన్ వెలువరించే 21 సెం.మీ. రేడియో తరంగాలకు మబ్బు అడ్డం రాదు.

ముందు టెలిస్కోప్ సంగతి. దీన్ని డాబా మీద పెట్టొద్దు. ఎండాకాలంలో స్లాబ్ రాత్రి పొద్దుపోయేదాకా వేడి కక్కుతుంది, శని వలయాలు నీళ్లలో ఉన్నట్టు వణుకుతాయి. మట్టి నేల మీద పెట్టి, అద్దం చల్లబడటానికి 40 నిమిషాలు ఆగాలి. తర్వాత ఒక నక్షత్రాన్ని నడిమధ్యకు తెచ్చి ఫోకస్ కాస్త చెదరగొట్టండి. వలయాలు ఒక పక్కకు ఒరిగితే కొలిమేషన్ (అద్దాల వరుస) తప్పినట్టే; వెనక మూడు మరలను పావు చుట్టు కంటే ఎక్కువ తిప్పకుండా సరిచేయాలి, ప్రతిసారీ నక్షత్రాన్ని మళ్లీ మధ్యకు తేవాలి. ఈ ధరలో వచ్చే పీఠం ఎక్కువగా పార్టికల్ బోర్డు, తేమకు ఉబ్బుతుంది. అంచులకు వార్నిష్ పూయనిదే పాకాల, లక్నవరం చెరువుల వైపు మంచులోకి తీసుకెళ్లొద్దు.

ఇక్కడ ధ్రువ నక్షత్రం 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. దానికి బదులుగా దక్షిణం బాగా తెరుచుకుంటుంది: మే నెలలో ఒమెగా సెంటారీ 24 డిగ్రీల పైకి వస్తుంది. 25 మి.మీ. ఐపీస్‌తో చూడాల్సిన నక్షత్ర గుచ్ఛం అది.

రేడియో కిట్‌లో వచ్చేవి ఫిల్టర్ ఉన్న ఎల్ఎన్ఏ (బలహీన సంకేతాన్ని పెంచే యాంప్లిఫయర్), ఆర్టీఎల్-ఎస్డీఆర్ డాంగిల్ (ల్యాప్‌టాప్‌కు తగిలించే యూఎస్‌బీ రేడియో రిసీవర్), కేబుల్. కొమ్ము యాంటెన్నా మనమే చేసుకోవాలి. సుమారు 23 సెం.మీ. చదరపు 15 కిలోల నూనె డబ్బా తీసుకుని, అడుగు నుంచి 6 సెం.మీ. దూరాన, గోడ మధ్యలో ఎస్ఎంఏ కనెక్టర్ (కేబుల్ తగిలించే చిన్న మర సాకెట్) బిగించి, లోపల 5.3 సెం.మీ. రాగి తీగ నిలబెట్టాలి. అట్టకు అల్యూమినియం రేకు అంటించి మూతిని 70 సెం.మీ. దాకా విప్పాలి. డబ్బా మీది రంగు గీకకపోతే రేకుకూ డబ్బాకూ కరెంటు కలవదు. చాలా కొమ్ములు చెడేది అక్కడే. 1951లో హార్వర్డ్‌లో శాస్త్రవేత్తలు ఎవెన్, పర్సెల్ ఈ 21 సెం.మీ. హైడ్రోజన్ గీతను (వర్ణపటంలో లేచే సంకేతం) తొలిసారి పట్టిందీ ఇలాంటి కొమ్ముతోనే.

ఎల్ఎన్ఏ కొమ్ము దగ్గరే ఉండాలి, కేబుల్ దాని తర్వాతే. బయాస్-టీ (కేబుల్ గుండానే ఎల్ఎన్ఏకు కరెంటు పంపే ఏర్పాటు) ఆన్ చేయడం మరిస్తే దానికి కరెంటే అందదు, తెర మీద ఉత్త గురగుర మిగులుతుంది. పరీక్ష సులువు: కొమ్మును నేలకేసి, తర్వాత నింగికేసి చూపండి. కనీసం 3 డెసిబెల్ తేడా లేకపోతే ఏదో ఒక అతుకు వదులైనట్టే. ల్యాప్‌టాప్ అడాప్టర్, ఎల్ఈడీ బల్బులు రొద పెడతాయి, బ్యాటరీ మీదే నడపాలి. డాంగిల్‌ను 20 నిమిషాలు వేడెక్కనివ్వండి. దాన్ని సరిగ్గా హైడ్రోజన్ గీత ఉండే 1420.4 మెగాహెర్ట్జ్ మీద కూర్చోబెడితే మధ్యలో పుట్టే నకిలీ ముల్లు అసలు గీతను మింగేస్తుంది, 1420.0 మీద పెట్టి పదేసి నిమిషాలు సగటు తీయాలి. వాన పడితే మూతికి పాలిథీన్ కప్పితే చాలు.

కొమ్ము చూపు 20 డిగ్రీల వెడల్పు, గురి కాస్త తప్పినా పరవాలేదు. ఆగస్టు రాత్రి ధనూరాశి వైపు పెట్టి, ఆ తర్వాత హంస మండలానికి తిప్పితే గీత మూపురాలుగా విడిపోతుంది. ఎక్కువ ఫ్రీక్వెన్సీ వైపున్నది మన వైపు వస్తున్న హైడ్రోజన్. 100 కిలోహెర్ట్జ్ జరిగితే సెకనుకు 21 కి.మీ. వేగం. అందులోంచి భూమి సొంత కదలికను తీసేయాలి, అది 30 కి.మీ. దాకా ఉంటుంది. కిట్‌తో వచ్చే కాగితాల్లో ఆ లెక్క ఉండదు.