వారం మధ్యలో, జనానికి ఎదురుగా: జొహోర్ బారుకు ఒక పనిరోజు ప్రయాణం

పని మీద సింగపూర్ వచ్చినవారికి ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు: "జొహోర్ బారు ఎంత దూరమండీ, ఒక పూటలో వెళ్లి రావచ్చు" అని. దూరం మాట నిజమే, అది జలసంధికి అవతలి ఒడ్డున ఉన్న మలేషియా నగరం. రెండు దేశాలను కలిపే కాజ్‌వే (నీటి మీద కట్టిన రోడ్డు) పొడవు కిలోమీటరుకు కాస్త ఎక్కువ, అంతే. ఆ కాస్త దాటడానికి ఏ రోజు, ఏ గంటకు బయలుదేరామన్నదాన్ని బట్టి అరగంటా పట్టవచ్చు, మూడు గంటలూ పట్టవచ్చు. అక్కడి తెబ్రావ్ పారిశ్రామికవాడలో ప్యాకింగ్ సామాను తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటి చూడాల్సి వచ్చినప్పుడు నేను బుధవారం ఉదయాన్ని ఎంచుకున్నది అందుకే.

తెల్లవారకముందే మలేషియా వైపు నుంచి వేలాదిమంది మోటారు సైకిళ్ల మీద, బస్సుల్లో సింగపూర్‌కు పనికి వస్తారు. సాయంత్రం తిరిగి వెళతారు. మనం ఉదయం అటు వెళ్లి రాత్రికి ఇటు వస్తే రెండుసార్లూ జనానికి ఎదురు దిశలోనే ఉంటాం. శుక్రవారం సాయంత్రం, శని ఆదివారాలు, సింగపూర్ బడి సెలవులు మాత్రం లెక్క మార్చేస్తాయి. సరుకులు కొనడానికి, కారు కడిగించుకోవడానికి, కడుపునిండా తినడానికి నగరం నగరమే వంతెన మీదికి వచ్చినట్టుంటుంది. ఇంకొక విషయం: జొహోర్ రాష్ట్రంలో వారాంతపు సెలవు ఒకప్పుడు శుక్ర, శనివారాలు. 2025 జనవరి 1 నుంచి శని, ఆదివారాలకు మారింది. ఆదివారం ఆఫీసులు తెరిచే ఉంటాయని చెప్పే పాత సలహాలు ఇప్పుడు పనికిరావు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ మీటింగు పెట్టుకోవద్దన్న సలహా మాత్రం ఇప్పటికీ చెల్లుతుంది.

కాగితాల సంగతి. మన పాస్‌పోర్టుకు మలేషియాలో 30 రోజుల వరకు వీసా అక్కరలేని సదుపాయం 2023 డిసెంబరు నుంచి ఉంది. ప్రయాణానికి ముందు మూడు రోజుల్లోపు డిజిటల్ ఆగమన పత్రం మాత్రం ఆన్‌లైన్‌లో నింపాలి. అసలు మెలిక సింగపూర్ వైపు ఉంది. ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చిన వీసా మీద వచ్చినవారు కాజ్‌వే దాటితే మళ్లీ లోపలికి రాలేరు. పలుమార్లు ప్రవేశం ఉన్న వీసాయేనా అని ముందే చూసుకోవాలి. తిరిగి వచ్చేటప్పుడు సింగపూర్ ఆగమన పత్రం కూడా కొత్తగా నింపాలి. రెండూ ఉచితమే. డబ్బు అడుగుతున్న వెబ్‌సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదని అర్థం.

క్రాంజి మెట్రో స్టేషన్ దగ్గర 170 నంబరు బస్సు ఎక్కాను. వుడ్‌లాండ్స్ చెక్‌పోస్టులో అందరినీ దించేస్తారు. సామానంతా చేత పట్టుకునే దిగాలి, ఎందుకంటే మనల్ని దించిన బస్సు మన కోసం ఆగదు. పాస్‌పోర్టు తనిఖీ ముగించుకుని కిందికి వచ్చి, అదే నంబరుతో వచ్చే తర్వాతి బస్సు ఎక్కాలి. అవతలి ఒడ్డున మళ్లీ ఇదే తంతు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి ఈ ఎక్కడం, దిగడం సుఖంగా ఉండదు. నాలాంటి ఒంటరి ప్రయాణికుడికి పర్వాలేదు.

బస్సు కాజ్‌వే మీద సాగుతుంటే పక్కన లావుపాటి నీటి గొట్టాలు కనిపిస్తాయి. 1962 నాటి ఒప్పందం ప్రకారం జొహోర్ నది నుంచి సింగపూర్ రోజుకు 25 కోట్ల గ్యాలన్ల వరకు నీరు తీసుకోవచ్చు. ధర వెయ్యి గ్యాలన్లకు మూడు సెన్లు, అంటే మలేషియా కరెన్సీ రింగిట్‌లో నూటికి మూడు వంతులు. గడువు 2061. అట్టపెట్టె ధరలో పావలా తగ్గించమని ఏటా సరఫరాదారులతో గుంజాటన పడే నాకు ఆ గొట్టాలను చూస్తే కళ్లు కుట్టాయి.

మలేషియా చెక్‌పోస్టు నుంచి నడక వంతెన మీదుగా సిటీ స్క్వేర్ మాల్‌లోకి వెళ్లవచ్చు. డబ్బు మార్చుకోవడానికి అక్కడి దుకాణాలు నయం, రెండు మూడు బోర్డులు పోల్చి చూసుకునే వీలుంది. బయట పిలిచే టాక్సీవాళ్లు చెప్పే ధరకూ గ్రాబ్ యాప్ చూపే ధరకూ చాలా తేడా ఉంది. ఒకాయన అయితే నేను యాప్ తెరిచి చూపించాక కూడా తన మాట మీదే గట్టిగా నిలబడ్డాడు. యాప్ కారు ఏ ద్వారం దగ్గరికి వస్తుందో చూసుకుని నిలబడటం ఒక్కటే కాస్త తికమక.

ఫ్యాక్టరీ పని అనుకున్నదానికంటే ముందే ముగిసింది. మిగిలిన మధ్యాహ్నానికి నా ఓటు తాన్ హియోక్ నీ వీధికి. పాత రెండంతస్తుల దుకాణాల వరుసలో హియాప్ జూ అనే బేకరీ ఉంది. 1919లో మొదలైందట. ఇప్పటికీ కట్టెల పొయ్యి మీదే కాలుస్తారు. పొడవాటి కర్ర తెడ్డుతో పొయ్యి లోపలి నుంచి రేకులను లాగుతుంటే గోడల మీది మసి కూడా తియ్యగా వాసన కొడుతున్నట్టుంటుంది. అరటిపండు కేకు పెట్టె వేడిగానే చేతికిస్తారు. లోపలి ముక్క మెత్తగా ఉండి, అంచున పొగ రుచి తగులుతుంది. ఆలస్యమైతే ఖాళీ రేకులే మిగులుతాయి కాబట్టి ముందు ఇక్కడికి వచ్చి, తర్వాత భోజనానికి వెళ్లడం మంచిది. భోజనానికి దగ్గరలోనే అరటాకు వడ్డించే తమిళుల హోటళ్లున్నాయి. రసం బాగుంది, పప్పులో మాత్రం మనకు కావలసిన కారం లేదు. గాజు ముక్కలతో గోడలన్నీ కప్పిన రాజకాళీ అమ్మవారి గుడిని అందరూ పొగుడుతారు. మిలమిలలు చూసి ఆశ్చర్యపోయాను గానీ, అక్కడ దండం పెట్టుకునేవారికన్నా ఫోటోలు తీసేవారే ఎక్కువ కనిపించారు.

బస సంగతి అడిగేవారికి ఒక మాట. సింగపూర్ లిటిల్ ఇండియాలో కిటికీ లేని గదికి ఇచ్చే డబ్బుతో ఇక్కడ విశాలమైన గది, ఉదయం ఫలహారం దొరుకుతాయి. అది చూసి, బస జొహోర్‌లో పెట్టుకుని రోజూ సింగపూర్‌లో పనికి వెళదామనుకుంటే, ఉదయాన్నే ఆ మోటారు సైకిళ్ల ప్రవాహంతో పాటే వరుసలో నిలబడాలి. మిగిలిన డబ్బు కాస్తా నిద్ర రూపంలో చెల్లుతుంది. పని జొహోర్‌లోనే ఉన్నవారు మాత్రం ఇక్కడే ఉండటం మేలు.

తిరుగు ప్రయాణానికి జేబీ సెంట్రల్ నుంచి షటిల్ తెబ్రావ్ రైలు ఎక్కాను. సింగపూర్ నుంచి వచ్చేవారికి టికెట్ ఐదు సింగపూర్ డాలర్లు, ఇటు నుంచి వెళ్లేవారికి ఐదు రింగిట్లు. అంటే మూడో వంతు కన్నా తక్కువ! ప్రయాణం ఐదు నిమిషాలే. టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో అయిపోతుంటాయి, మీటింగు సాగితే రైలు ఆగదు. వేళ ఖాయమైనవారికి రైలు, కానివారికి బస్సు అన్నది నా లెక్క. రెండు దేశాల మధ్య నాలుగు కిలోమీటర్ల మెట్రో తరహా రైలు మార్గం, ఆర్‌టీఎస్ లింక్, మొదలైతే ఈ లెక్క మళ్లీ వేసుకోవాలి.

ఫ్యాక్టరీవాళ్లు ఇచ్చిన నమూనా పెట్టెలు చేతిలో ఉన్నాయి. 48 గంటల్లోపు తిరిగివచ్చేవారికి సింగపూర్‌లో పన్ను మినహాయింపు వంద డాలర్ల వరకే, అదీ సొంత వస్తువులకే. మలేషియా నుంచి తెచ్చే మద్యానికి, సిగరెట్లకు మినహాయింపు అసలే లేదు. అందుకని నేరుగా, తెచ్చిన సరుకు చూపించాల్సినవారి కోసం ఉన్న ఎరుపు మార్గంలోకి వెళ్లి పెట్టెలు బల్ల మీద పెట్టాను. ఫ్యాక్టరీ ముద్రతో విలువ రాయించుకున్న కాగితం ఉండటంతో పని వెంటనే తేలింది. అధికారిణి కేకు పెట్టె మూత కూడా తీసి చూసి, నవ్వి పంపించింది.