తిరుమల కొండ గీత నుంచి జ్వాలాపురం బూడిద దాకా: రాళ్ల కోసం రాయలసీమ తిరిగాం

రాయలసీమ టూర్ అనగానే తిరుపతి, గండికోట, బెలుం, యాగంటి అని వరసగా చెప్పేస్తారు. అదే దారిలో 454 కోట్ల ఏళ్ల భూమి కథలోని పెద్ద పెద్ద ముక్కలు రోడ్డు పక్కనే పడి ఉన్నాయని చెప్పేవాళ్లు తక్కువ. ఈసారి మేం వాటి కోసమే బయల్దేరాం. నేను, మా ఆవిడ, పిల్లలిద్దరు, మాతోపాటు నాన్నగారి స్నేహితుడు ఒకాయన. కాలేజీలో జియాలజీ చెప్పి రిటైరయ్యారు. ఆయన రాకపోతే సగం చోట్ల కారు కూడా ఆపేవాళ్లం కాదు.

తిరుమల ఘాట్ రోడ్డులో కిటికీ సీటు దొరికితే నిద్రపోకండి. ఒకచోట కొండ చరియ మీద రాయి రకం ఉన్నట్టుండి మారిపోతుంది. కింద గ్రానైట్ జాతి రాయి, వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. దాని నెత్తిన పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్, అంటే ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న ఇసుక. ఈ రెండూ ఆనుకున్న గీత దగ్గర సుమారు 80 కోట్ల ఏళ్ల కాలానికి సంబంధించిన రాయి అసలు లేదు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దీన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. చిక్కేమిటంటే, ఘాట్ రోడ్డులో ఎక్కడపడితే అక్కడ బండి ఆపడం కుదరదు, చూపు ఆ నిమిషంలో పట్టుకోవాల్సిందే. తీరిగ్గా చూడాలంటే కొండ మీద చక్రతీర్థం దగ్గరున్న శిలాతోరణానికి వెళ్లండి. అదే క్వార్ట్‌జైట్‌ను గాలీ వానా తొలిచేసి 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న తోరణంగా మిగిల్చాయి. దర్శనానికి వచ్చినవాళ్లు ఫొటో తీసుకుని రెండు నిమిషాల్లో వెళ్లిపోతుంటారు. అరగంట కేటాయించండి. బసకు తిరుపతిలో ఇబ్బంది లేదు. కొండ మీదే ఉండాలంటే మాత్రం గది చాలా ముందుగా బుక్ చేసుకోవాలి.

తర్వాత కడపలో దిగాం. వేంపల్లె, పులివెందుల వైపు తిరగడానికి కడపే సౌకర్యం. మంచి గదులు, అంతకంటే మంచి కారం దోశ దొరుకుతాయి. దారిలో పాపాఘ్ని నది కొండను చీల్చుకుని వచ్చే గండి దగ్గర ఆగి, వీరాంజనేయస్వామిని దర్శించుకుని, అటుపై వేంపల్లె దాటాక రోడ్డు కోసం కొట్టిన రాతి గట్ల దగ్గర ఆపాం. పిల్లలు మొదట దిగనే లేదు. మాస్టారు బూడిదరంగు డోలమైట్ (సున్నపురాయి లాంటిదే) బండ మీద సీసాలో నీళ్లు పోశారు. పొడిగా ఉన్నప్పుడు ఏమీ కనిపించని రాయి మీద, ఉల్లిపాయను అడ్డంగా కోసినట్టు, ఒకదాని చుట్టూ ఒకటి సన్నటి వంపు గీతలు తేలాయి. మా చిన్నది "ఇదేంటి తాతయ్యా, ఎవరు గీశారు?" అనడిగింది. స్ట్రోమటోలైట్లు అన్నారాయన. దాదాపు 190 కోట్ల ఏళ్ల క్రితం ఇక్కడ లోతు లేని సముద్రం ఉండేది. అందులో సయనోబ్యాక్టీరియా అనే సూక్ష్మజీవులు జిగురు పొరలుగా పెరిగి, బురదను పట్టుకుని, మళ్లీ దాని పైకి పాకి, అలా కట్టుకుంటూ పోయిన గూళ్లివి. ఈ జాతి సూక్ష్మజీవులే సూర్యరశ్మితో ఆహారం వండుకుంటూ ఆక్సిజన్ వదిలాయి. మనకు అది ప్రాణవాయువు. అంతకుముందు ఆక్సిజన్ లేకుండా బతికిన సూక్ష్మజీవులకు మాత్రం విషం. సుమారు 240 కోట్ల ఏళ్ల క్రితం గాలిలో ఆక్సిజన్ పెరగడం మొదలైనప్పుడు వాటిలో ఎన్నో చచ్చిపోయి ఉంటాయని శాస్త్రవేత్తల అంచనా. నిప్పూ, పిడుగూ లేకుండా వచ్చిన ప్రళయం అది. దాన్ని తెచ్చిన సూక్ష్మజీవుల వారసుల గుర్తులు వేంపల్లె రోడ్డు పక్కన ఎండలో ఉన్నాయి. రాయి ముక్క కూడా కొట్టి తేవద్దు, ఫొటో చాలు. నీళ్ల సీసా మరవకండి, తాగడానికి ఒకటి, రాయి మీద పోయడానికి ఒకటి.

గండికోట గురించి ఇప్పటికే అందరూ రాశారు. పెన్నా లోయ అద్భుతమే, పొద్దున్నే చూడాలి. పర్యాటక శాఖ హరిత హోటల్ కోటకు దగ్గర కాబట్టి వారాంతంలో త్వరగా నిండిపోతుంది. మేం ఒక ప్రైవేటు టెంట్లలో ఉన్నాం. ఫోన్లో చెప్పిన రేటు ఒకటి, తీసుకున్నది ఇంకొకటి, బాత్రూమ్ అంత దూరాన, రాత్రంతా పక్క గుంపు పాటలు. పెద్దవాళ్లతో వెళ్తే టెంట్ వద్దు, జమ్మలమడుగులో లాడ్జి నయం.

కుటుంబంతో వెళ్లేవాళ్లకు ఈ దారిలో నా మొదటి ఓటు బెలుం గుహలకే. మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో సందర్శకులకు తెరిచింది కొంత భాగమే. మెట్లు, లైట్లు, గాలి పంపే గొట్టాలు బాగున్నాయి. అయినా లోపల ఉక్క ఎక్కువ, బీపీ ఉన్నవాళ్లు పాతాళగంగ దాకా దిగకుండా ముందే ఆగిపోవడం మంచిది. సప్తస్వరాల గుహలో రాళ్లను కర్రతో తడితే ఒక్కోటి ఒక్కో శబ్దం చేస్తుంది, పిల్లలు అక్కడి నుంచి కదల్లేదు. ఇదంతా సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి, తర్వాత భూగర్భజలం తొలిచిన దారులు. గోడ మీద చెయ్యి ఆనిస్తే నీళ్లు నున్నగా అరగదీసిన వంపులు తెలుస్తాయి.

ఇక జ్వాలాపురం. బనగానపల్లె దగ్గరి చిన్న పల్లె. డ్రైవర్ తమ్ముడు "ఆడేముంది సార్, యాగంటి పోదాం పదండి" అని రెండుసార్లు అన్నాడు. ఊరి బయట అడిగితే ఒక పెద్దాయన చేత్తో చూపించాడు: "బూడిదా సామీ? అద్దో, ఆ గట్టు. గిన్నెలు తోమే పొడికని తవ్వి తోలుకపోయినారు." ఎర్రమట్టి మధ్యలో తెల్లటి పొర. వేళ్ల మధ్య నలిపితే మెత్తగా ఉంటుంది కానీ చివర్లో గరగరలాడుతుంది. అది మంటల బూడిద కాదు, కంటికి కనిపించనంత చిన్న గాజు పెంకులు. సుమారు 74,000 ఏళ్ల క్రితం ఇండోనేసియాలోని సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు బంగాళాఖాతం మీదుగా రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా ఎగిరి వచ్చి ఇక్కడ రాలింది. గడిచిన 20 లక్షల ఏళ్లలో అంత పెద్ద పేలుడు ఇంకొకటి లేదు. అక్కడ మిగిలిన గుంట ఇప్పుడు 100 కిలోమీటర్ల పొడవైన సరస్సు. చుట్టుపక్కల గట్ల మీద రాలింది కూడా వానకు కొట్టుకొచ్చి లోయలో చేరడంతో, ఇక్కడ బూడిద రెండు మీటర్లకు మించి పేరుకుంది.

ఈ పొర కింద రాతి పనిముట్లు దొరికాయి. పైన కూడా దొరికాయి, దాదాపు అదే తరహావి. పురావస్తు శాస్త్రవేత్తలు రవి కోరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా బృందం 2007లో సైన్స్ పత్రికలో ఈ సంగతి ప్రకటించింది. తోబా దెబ్బకు మనిషి జాతే అంతరించే దాకా వెళ్లిందని వాదించేవాళ్లకు జ్వాలాపురం ఉన్న ఈ జుర్రేరు లోయ గట్టి ప్రశ్న వేసింది. ఆకాశం నుంచి బూడిద కురిసినా ఇక్కడివాళ్లు తట్టుకుని నిలబడ్డారన్నది తవ్వినవాళ్ల అభిప్రాయం. ఇంత సాక్ష్యాన్ని గిన్నెల పొడికి తవ్వేశారంటే నాకు నిజంగా కడుపు మండింది. మిగిలిన గట్టుకైనా కంచె వేయాలి, తెలుగులో ఒక బోర్డు పెట్టాలి. మేం వెళ్లినప్పుడు రెండూ కనిపించలేదు.

జ్వాలాపురంలో హోటల్, టాయిలెట్ ఏవీ ఆశించకండి. బనగానపల్లెలో ఉగ్గాని బజ్జీ తిని పొద్దున్నే వెళ్లి, ఎండ ముదిరేలోగా యాగంటి చేరుకుంటే సత్రాల్లో భోజనం, కోనేట్లో చల్లటి నీళ్లు దొరుకుతాయి. రైల్లో వచ్చేవాళ్లకు నంద్యాల వీలు, అక్కడి నుంచి రోజంతటికీ కారు మాట్లాడుకోండి. బస్సుల మీద ఆధారపడితే బెలుం, జ్వాలాపురం ఒకే రోజు అవ్వవు. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యే వెళ్లండి. రెండు రోజులే ఉంటే గండికోట వదిలేసి వేంపల్లె, బెలుం, జ్వాలాపురం పెట్టుకోండి.