హాబ్స్ ముందా, లాక్ ముందా?

రాజనీతి తత్వం మొదలుపెట్టే విద్యార్థి ముందు ఏది తెరవాలి: ఇంగ్లండ్ తత్వవేత్త హాబ్స్ ‘లెవయథాన్’ (1651) లేక ఆ దేశపు తత్వవేత్తే అయిన లాక్ ప్రభుత్వంపై రాసిన రెండో గ్రంథం (1689)?

చదవడానికి లాక్ తేలిక. ఉన్నవి 19 అధ్యాయాలే. 2, 5, 9, 19 చదివితే సహజస్థితి (ప్రభుత్వం లేనప్పటి మనుషుల స్థితి), ఆస్తి, ప్రభుత్వ ప్రయోజనం, తిరుగుబాటు హక్కు వచ్చేస్తాయి. చిక్కల్లా ఏమిటంటే, ముందే నచ్చిన మాటలు కనుక ప్రశ్నించకుండా తలూపేస్తాం. శ్రమ కలిపితే నేల సొంతమన్న ఐదో అధ్యాయపు వాదం, అమెరికా ఆదివాసుల భూములను బంజరుగా లెక్కగట్టడానికి ఎలా అక్కరకొచ్చిందో కంటబడదు.

హాబ్స్‌వి 47 అధ్యాయాలు. కంగారు అక్కర్లేదు, 13, 14, 17, 21 చాలు. ‘మనుషులు చెడ్డవాళ్లన్నాడు’ అని నోట్సుల్లో రాసుకుంటారు, తప్పు. బలహీనుడూ బలవంతుణ్ని చంపగలిగేంత సమానత్వం, దాన్నుంచి అపనమ్మకం, కలహానికి మూలం అదీ. 21ని మాత్రం వదలొద్దు: సార్వభౌముడు కాపాడగలిగినంత కాలమే విధేయత అన్న మాట అక్కడే ఉంది. నిరంకుశవాది అన్న ముద్ర వేసేవాళ్లు సాధారణంగా అంతదాకా చదివి ఉండరు!

మా ఓటు హాబ్స్‌కే. 1642లో మొదలైన ఇంగ్లండ్ అంతర్యుద్ధపు భయం తెలిస్తేనే లాక్ భరోసా దేనికి జవాబో తెలుస్తుంది. పరీక్షకు వారమే ఉందా, అయితే లాక్.